డెల్మర్ యోకమ్ తాళంచెవి తీసుకోని రోజు

మా డ్రైవర్లలో నోరున్నవాళ్లకు కొదవలేదు. అయినా డెల్మర్ యోకమ్ నోటికి సాటి వచ్చే నోరు నా పంతొమ్మిదేళ్ల లారీ జీవితంలో నాకు తగల్లేదు. మిస్సోరీ కొండల మనిషి. అప్పటికి అరవై ఒక్కేళ్లు. కూర్చుంటే పొట్ట స్టీరింగుకు తగులుతుంది, మాట్లాడితే మాట ఎవరికో ఒకరికి తగులుతుంది. పద్దెనిమిది చక్రాల బండిని వెనక్కి నడిపి, సరుకు దించే ఇరుకు డాక్‌లో పెట్టడం నాకు నేర్పింది ఆయనే. నేర్పిన ఆ మూడు రోజుల్లో ఆయన తిట్టిన తిట్లను నేను ఇప్పటికీ వాడుకుంటున్నాను.

అలాంటి మనిషి బండిలో డబ్బా బిగించారు. 2017 డిసెంబరు నుంచి దేశంలో దూరాలు తిరిగే లారీలన్నిట్లోనూ దాదాపుగా అది ఉండి తీరాలని చట్టం. అరచేతిలో పట్టే డబ్బా, ఇంజనుకు ఒక తీగ, కళ్లెదురుగా ఒక తెర. బండి కదిలితే రాసుకుంటుంది, ఆగితే రాసుకుంటుంది. గంటల లెక్క మాకు కొత్తదేం కాదు. పొద్దున పని మొదలుపెట్టిన నిమిషం నుంచి పద్నాలుగు గంటలు. ఆ తర్వాత రోడ్డెక్కకూడదు, పది గంటలు విశ్రాంతి తీసుకోవాలి. కొత్తగా వచ్చింది సాక్షి మాత్రమే. అంతకుముందు ఆ గంటలన్నీ మేమే ఒక పుస్తకంలో గీతలు గీసి చూపించేవాళ్లం. మాలో మేం దాన్ని కథల పుస్తకం అనుకునేవాళ్లం.

డెల్మర్ ఆ డబ్బాకు అత్తగారు అని పేరు పెట్టాడు. ఎక్కడికెళ్లావు, ఎప్పుడొచ్చావు, అక్కడెందుకు ఆగావు అని అడగడమే తప్ప, తిన్నావా అని ఒక్కనాడూ అడగదట. దాని మొహం చూడలేక తెర మీద పాత మేజోడు ఒకటి వేలాడదీశాడు. డబ్బా వద్దంటూ రాష్ట్ర రాజధానిలో ఊరేగింపు పెడితే రెండొందల బండ్లలో ముందు బండి ఆయనదే. శాసనసభ చుట్టూ హారన్ కొట్టుకుంటూ తిరిగి, గొంతు పోయి వచ్చాడు. రెండు రోజులు ఆయన మాట్లాడలేకపోతే మాకందరికీ చెవులకు సెలవు దొరికినట్టయింది.

నిజానికి డబ్బా సంగతిలో మా అందరిదీ ఒకే మాట కాదు. పాతకాపులు కొందరు బండ్లు అమ్మేసి ఇంట్లో కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్లేమో, కంపెనీవాడు ఫోన్ చేసి ఇంకో రెండొందల మైళ్లు లాగమంటే డబ్బాను చూపించి తప్పించుకోవచ్చని సంబరపడ్డారు. మంచు కురుస్తుంటే కాసేపు ఆగుదామన్నా గడియారం ఆగదు కాబట్టి, ఇది నిద్ర కోసం పెట్టిన చట్టం కాదు, పరుగు పందెం కోసం పెట్టిన చట్టమని ఇంకొందరు. నేను గోడమీద పిల్లిని. నిద్ర ముంచుకొస్తుంటే డబ్బా మంచిది. ఇల్లు ఇరవై మైళ్లుందనగా గంటలు అయిపోతే అంతకంటే పాపిష్టిది లేదు.

డెల్మర్‌కు అసలు దెబ్బ ఫిబ్రవరిలో తగిలింది. బండి ఆపుకోవడానికి చోటు దొరక్క మూడు లారీ మజిలీలు వెతికాడు. అన్నీ నిండిపోయాయి. నాలుగో దాంట్లో చోటు దొరికేసరికి గంటలు దాటి ఇరవై రెండు నిమిషాలైంది. పాత రోజుల్లో అయితే పెన్సిలు తోకతో ఇరవై రెండు నిమిషాలు తుడిచేసి పడుకునేవాడు. డబ్బా తుడవనివ్వదు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్కసారి గంటలు దాటితే బండి అప్పగించి వెళ్లిపొమ్మని అందులో ఉంది. అరవై ఒక్కేళ్లవాడికి ఇంకో బండి ఎవరిస్తారు? ఆ ఉత్తరాన్ని మడిచి లైసెన్సు వెనకాల పెట్టుకుని తిరిగాడు.

ఇక మార్చి రెండోవారం మాట. కాన్సస్‌లో హైవే పక్కన ఒక కిరాణా గోదాము. ఇరవై డాక్‌లు, ఒక కిటికీ, ఆ కిటికీ వెనక కెసింజర్ అనే సూపర్‌వైజరు. నేను జామ్ సీసాలు తెచ్చాను, డెల్మర్ ఆర్కన్సా నుంచి గడ్డకట్టిన కోడిమాంసం తెచ్చాడు. పొద్దున మూడింటికి బయల్దేరి ఇద్దరం చెప్పిన టైముకు, అంటే పదింటికి, అక్కడున్నాం. ఆయన ఏడో డాక్, నేను ఎనిమిదో డాక్.

అక్కడొక పద్ధతి ఉంది. డాక్‌కు బండి ఆనించగానే తాళంచెవి తెచ్చి కిటికీలో ఇవ్వాలి. సరుకు దించే ఫోర్క్‌లిఫ్ట్ ట్రైలరు లోపలుండగా డ్రైవర్ మర్చిపోయి బండి కదిపితే ప్రాణం పోతుంది కాబట్టి ఆ పద్ధతి మంచిదే. కానీ మంచి పద్ధతిని చెడ్డగా వాడుకోవడంలో గోదాములవాళ్లు ఆరితేరారు. చెవి కిటికీ వెనక సొరుగులోకి వెళ్లిందంటే మనిషి వాళ్ల చేతిలో చిక్కినట్టే. ఒక గంటలో దించాల్సిన సరుకు అయిదు గంటలైనా దించరు, అడిగితే వినిపించుకోరు. వచ్చిన టైమెంతో, పోయిన టైమెంతో కాగితం మీద రాసివ్వరు. రాయాల్సిన అవసరం వాళ్లకెప్పుడూ రాలేదు. ఎందుకంటే ఆ ఎదురుచూసిన గంటలన్నిటినీ మేమే నిద్ర కింద రాసేసుకునేవాళ్లం. పుస్తకంలో నిద్ర అని గీత గీస్తే గంటలు ఖర్చు కావు, సాయంత్రం మళ్లీ బండి లాగొచ్చు. అందరూ చేసేదే, నాకు నేర్పినవాళ్లూ చేసిందే.

ఆ రోజు పన్నెండయింది, రెండయింది. డ్రైవర్లు కూర్చునే గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, పాడైపోయిన కాఫీ యంత్రం, మేం పదమూడు మందిమి. డెల్మర్ భార్య ఓపల్ కట్టిచ్చిన పందిమాంసం శాండ్‌విచ్‌లు ఆయన, నేను పంచుకుని తిన్నాం. మూడున్నరకు ఆయన కిటికీ దగ్గరికెళ్లి, అయిదింటికి తన గంటలు అయిపోతాయని మర్యాదగానే చెప్పాడు. కెసింజర్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, అందరూ అదే చెబుతారన్నాడు.

నాలుగున్నరకు డెల్మర్ నా పక్కన కూర్చుని, పొద్దుట్నుంచి డబ్బాలో ఏమని నొక్కావని అడిగాడు.

"నిద్ర అనే నొక్కాను. అలవాటు" అన్నాను.

"మరి నిద్రపోయావా?"

"ఈ కుర్చీలోనా? ఇందులో నా వీపు కూడా నిద్రపోలేదు."

ఆయన నవ్వలేదు. గదిలో అందరికీ వినపడేలా, మీరందరూ ఏం నొక్కారని అడిగాడు. ఇద్దరు ముగ్గురు తప్ప అందరిదీ నిద్రే. ఎనిమిది గంటలు వరసగా పడకలో ఉంటే తప్ప డబ్బా ఆ పద్నాలుగు గంటల లెక్కను ఆపదు. మాకు ఏడు గంటలు కూడా కాలేదు. అంటే మా అబద్ధం మాకే పనికిరానిది. అయినా చెయ్యి దానంతటదే పోయి నిద్ర మీద నొక్కింది. ఏళ్ల తరబడి పెన్సిలు పట్టిన చెయ్యి మరి.

అప్పుడు డెల్మర్ చెప్పాడు. ఆయన సొంత బండి తొంభైల్లో పోయిందని మాకందరికీ తెలుసు. డీజిలు ధరలు పెరిగి అమ్ముకున్నాడనే అనుకున్నాం. ఆయనా అలాగే అనుకోనిచ్చాడు.

"తొంభై ఆరు అక్టోబరు. అయోవాలో ఒక గోదాములో నన్ను తొమ్మిది గంటలు కూర్చోబెట్టారు. నా చేత్తో నేనే పుస్తకంలో తొమ్మిది గంటలు నిద్ర అని గీసుకున్నాను. ఆ తర్వాత మూడొందల మైళ్లు నడిపాను. కునుకు పట్టింది. ఎదురుగా ఒక రైతు వ్యాను. ఆయన బతికాడు గానీ ఇవాళ్టికీ కుంటుతాడు."

ఆయన గొంతు తగ్గించే చెప్పాడు, అయినా అందరికీ వినపడింది.

"కోర్టులో గోదామువాడు ఏమన్నాడో తెలుసా? మేం ఆపిందే లేదండీ, పగలంతా బండిలో పడుకున్నాడు, కావాలంటే ఆయన పుస్తకమే చూడండి అన్నాడు. చూశారు. నా రాతే. ఏడాది లైసెన్సు పోయింది, బండి పోయింది. నేను నిద్రపోయానని రాసుకుంది నేనే, ఇంకెవణ్ణి తిట్టను? ఆ పాపంలో నా వాటా నాది, కాదనను. కానీ వాళ్ల వాటా కూడా నేనే మోశాను."

తర్వాత జేబులోంచి కళ్లజోడు తీసి, ఈ దిక్కుమాలిన డబ్బాలో తప్పు నొక్కింది దిద్దుకోవచ్చు, కారణం రాయడానికి చోటు కూడా ఉంది, పొద్దుట్నుంచి పనిలోనే ఉన్నాం, తాళాలు గోదాము దగ్గరున్నాయని రాయండి అన్నాడు. మూడు నెలలుగా డబ్బాను తిట్టిపోసిన మనిషి ఇంత శ్రద్ధగా దాని అంతు ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. ఒక్కొక్కరి బండికీ వెళ్లి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. నా బండెక్కి నేను కూడా నిద్రను కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాశాను. చెప్పడానికి సిగ్గేగానీ, పంతొమ్మిదేళ్లలో నేను గోదాము గురించి నిజం రాయడం అదే మొదటిసారి.

అయిదూ పదికి కెసింజర్ స్వయంగా గదిలోకి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ పళ్లెం, అందులో పదమూడు తాళంచెవులు. తమ షిఫ్టు అయిపోయిందని, సాయంత్రం బండ్లు బయట వరస కడుతున్నాయని, దించింది దించాం, మిగతా సరుకుతో రేపు మళ్లీ రండని చెప్పాడు. డెల్మర్ ట్రైలరులో సగం కోడిమాంసం అలాగే ఉంది. నా జామ్ సీసాలైతే ఒక్క పెట్టె కూడా దించలేదు. పళ్లెం బల్ల మీద పెట్టి, పది నిమిషాల్లో డాక్‌లు ఖాళీ కావాలన్నాడు.

మధ్యాహ్నం దాకా వేరేచోట విశ్రాంతిలో ఉండి వచ్చిన ఇద్దరికి ఇంకా గంటలున్నాయి. వాళ్లు తమ చెవులు తీసుకున్నారు. వాళ్లను క్షేమంగా వెళ్లి రండని పంపించి, డెల్మర్ పళ్లెం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తీసుకో డ్రైవర్" అన్నాడు కెసింజర్.

"తీసుకోనండీ."

"తీసుకోకపోతే?"

"అయిదింటికి నా గంటలైపోయాయి కెసింజర్ గారూ. ఇప్పుడు రోడ్డెక్కితే చట్టం తప్పినట్టు. పొద్దున పదింటి నుంచి నా చెవి మీ దగ్గరుంది. ఇంకో పది గంటలు కూడా ఉంచండి, నాకేం తొందర లేదు."

కెసింజర్ మొహం ఎర్రబడింది. బండ్లను లాగించేస్తానన్నాడు. ఈ గోదాము గుమ్మం ఇంకెప్పుడూ తొక్కనివ్వనన్నాడు. డెల్మర్ తన కంపెనీకి ఫోన్ చేస్తే, అక్కడి మనిషి గంటలు దాటినా ఉద్యోగం ఉండదు, గోదాము వెలివేసినా ఉండదన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు భయమేసింది. లైసెన్సు వెనక మడిచి పెట్టుకున్న ఆ ఉత్తరం సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

అందుకే నేను లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. నా చెవి కూడా ఉంచుకోండని చెప్పాను. నా వెనక ఒకరు, ఆ వెనక ఇద్దరు లేచారు. కాసేపటికి పదకొండు మందిమి ఉన్నాం. పళ్లెంలో చెవులు పళ్లెంలోనే ఉన్నాయి. పదకొండు డాక్‌లకు పదకొండు బండ్లు బిరడాల్లా బిగుసుకుని ఉన్నాయి. బయట హైవే దాకా సాయంత్రం బండ్లు నిలబడ్డాయి. వాటిలోనూ డబ్బాలున్నాయి, వాటి గంటలూ కరుగుతున్నాయి. ఇంకో మూడు గంటలాగితే అవి కూడా కదలవు. ఆ లెక్క మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కెసింజర్‌కు మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

ఆయన షెరిఫ్ ఆఫీసుకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేశాడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో, క్వింటానా అనే డెప్యూటీ వచ్చింది. పరాయి స్థలంలో పదకొండు మంది మొండికేశారని కెసింజర్ చెబుతుంటే అంతా విని, తాళాలు ఎక్కడున్నాయని అడిగింది. పళ్లెం చూపించారు. పొద్దుట్నుంచి ఎవరి దగ్గరున్నాయని అడిగింది. జవాబు అక్కడే బల్ల మీద ఉంది. తర్వాత డెల్మర్ బండెక్కింది. ఆయన మేజోడు తీసి పక్కన పెట్టి, తెర చూపించాడు. పదింటి నుంచి అయిదింటి దాకా ఒకే గీత, పక్కన ఆయన రాసిన కారణం, పైన గంటలైపోయాయని ఎర్ర అక్షరాలు.

"మీరు ఆర్డర్ వేస్తే నడుపుతానమ్మా" అన్నాడు డెల్మర్. "పోలీసులు కదపమంటే కదపొచ్చని చట్టంలో ఉంది. కాకపోతే గంటలు దాటిన మనిషిని, పొద్దున రెండున్నరకు లేచిన మనిషిని, నలభై టన్నుల బండితో రోడ్డెక్కించానని రాసి సంతకం పెట్టండి. అంతే."

ఆమె కిందికి దిగి, టోపీ సర్దుకుని, కెసింజర్‌తో తాపీగా ఒకే మాట అంది. "నేను రాయను. వీళ్లను పొద్దుట్నుంచి ఉంచుకున్నది మీరు. ఇప్పుడు ఎక్కడ పడుకోబెడతారో మీరే చూసుకోండి."

ఆ మాటకు పదకొండు మందిలో ఒక్కరూ కేకలు పెట్టలేదు. పెట్టాలని మాత్రం నాకు ఒళ్లంతా అనిపించింది. కెసింజర్ కుడితిలో పడ్డ ఎలుకలా ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. పైవాళ్లతో మాట్లాడాడు, వాళ్ల పైవాళ్లతో మాట్లాడాడు. ఏమాటకామాటే, ఆయన మీద నాకు కాస్త జాలి కూడా వేసింది. ఆయనకూ పైన ఒక కిటికీ, ఆ కిటికీ వెనక ఇంకెవరో ఉన్నారు.

దారి చూపించింది మళ్లీ డెల్మరే. గోదాము వెనక కంకర పరిచిన పెద్ద ఖాళీ స్థలం ఉంది. నలభై బండ్లు పడతాయి. లారీలు నిలపరాదని బోర్డు పెట్టి, గొలుసేసి, ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచారు. గంటలైపోయినా ఆవరణ దాటకుండా బండి జరుపుకోవచ్చని చట్టంలో ఉంది. ఆ గేటు తియ్యండి, డాక్‌లు ఖాళీ చేస్తాం, మా సరుకు రేపు పొద్దున ఆరింటికి అందరికంటే ముందు దించండి అన్నాడు. ఇంకొకటి, ప్రతి డ్రైవర్‌కూ వచ్చిన టైము, తాళం తీసుకున్న టైము, తిరిగిచ్చిన టైము రాసి సంతకం పెట్టివ్వాలన్నాడు. అది కుదరదు అన్నాడు కెసింజర్. డెల్మర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంకో ఫోన్ కాల్ అయ్యాక కుదిరింది.

ఆ ఊరేగింపు చూసి తీరాల్సిందే. ఆవరణే అయినా మా డబ్బాల మీద ఎవరికీ నమ్మకం లేదు. అయిదు మైళ్ల వేగం దాటితే రోడ్డు మీద నడిపినట్టు రాసేస్తుందేమోనని అనుమానం. అందుకని మనిషి నడకకంటే నెమ్మదిగా పోదామన్నాడు డెల్మర్. గేటు తాళం కెసింజర్ దగ్గరుంది కాబట్టి ఆయన ముందు నడిచాడు. టై కట్టుకున్న కెసింజర్ వెనక డెల్మర్ బండి, దాని వెనక నా బండి, ఆ వెనక తొమ్మిది. ఇంకా పొద్దు వాలలేదు. బయట వరసలో ఉన్న డ్రైవర్లు క్యాబిన్ల మీద నిలబడి చూశారు. కెసింజర్ తొందరపడి నాలుగడుగులు ముందుకెళ్లి, మళ్లీ ఆగి మా కోసం చూడాల్సి వచ్చేది. ఆయన ఒక డ్రైవర్ కోసం ఎదురుచూడటం ఆ గోదాము ఎన్నడూ ఎరగదు. నేను స్టీరింగు మీద తల ఆనించి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. గొలుసు ఊడి కింద పడ్డప్పుడు బయట ఎవరో హారన్ కొట్టారు. ఇంకొకరు అందుకున్నారు. ఆ తర్వాత హైవే దాకా ఉన్న బండ్లన్నీ అందుకున్నాయి.

ఒకతని దగ్గర చిన్న పొయ్యి ఉంది, సాసేజ్‌లు కాల్చాడు. నా జామ్ సీసాల్లో ఒకటి దారిలో పగిలిందని ఎవరో రాసిపెట్టారు, రొట్టెల్లోకి అది సరిపోయింది. డెల్మర్‌ను భుజాల మీదికెత్తుకోవాలని ఇద్దరు ప్రయత్నించి, ఆ బరువు చూసి మానుకున్నారు. ఇక డబ్బాతో రాజీ అయినట్టేనా అని నేనడిగాను. రాజీ ఏం లేదన్నాడు. "కాపలా కుక్కను మన మీదికి వదిలారు, నిజమే. కానీ దానికి మన దొంగ, వాళ్ల దొంగ అని తేడా తెలీదు. ఎవడు గోడ దూకినా మొరుగుతుంది. ఆ సంగతి వాళ్లకు తట్టలేదు."

పొద్దు గుంకే వేళకు కెసింజర్ పదకొండు కాగితాలు పట్టుకొచ్చాడు. నా బండి ముందు భాగం మీద పెట్టుకుని ఒక్కొక్కటీ నింపాడు. ఉద్యోగం నిలిచిందని డెల్మర్‌కు అప్పటికే తెలుసు. కంపెనీ మనిషి ఫోన్ చేసి, డబ్బాలో ఒక్క నిమిషం కూడా దాటలేదని, గోదాము పైవాళ్లే తమకు క్షమాపణ చెప్పారని గొణిగాడు. ఆ ఫోన్‌కు డెల్మర్ సరే అని పెట్టేశాడు. ఈ కాగితాన్ని మాత్రం రెండు చేతుల్తో అందుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, పై నుంచి కిందికి రెండుసార్లు చదివాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు. నేను పక్కకు వెళ్లబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"ఓపల్" అన్నాడు. "ఇదిగో, చదువుతున్నా విను. పది నుంచి అయిదూ పది దాకా తాళం మా దగ్గరుంది, డ్రైవర్ మా దగ్గరే ఎదురుచూశాడు. ఇది నేను రాసింది కాదే. వాళ్ల చేత్తో వాళ్లు రాశారు. నేను మేలుకునే ఉన్నానని రాశారు."